బహుమానం మార్కులకా, శ్రమకా?

వేసవి వచ్చిందంటే మన ఇళ్ళలో ఫలితాల కాలం మొదలవుతుంది. పదో తరగతి ఫలితాలు, ఇంటర్ ఫలితాలు, ఆ తరువాత ఎప్‌సెట్ వంటి ప్రవేశ పరీక్షల ర్యాంకులు. మంచి మార్కులు వచ్చిన ఇంటినుంచి మిఠాయి డబ్బాలు బయలుదేరతాయి. మార్కులు రాని ఇంట్లో తలుపులు మూసుకుంటాయి. ఈ రోజుల్లోనే తల్లిదండ్రుల నోట ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "ఇన్ని మార్కులు తెచ్చుకో, నీకు ఫలానాది కొనిపెడతాను."

ఈ మాట మంచిదేనా? చదువుకు బహుమానం ఆశ చూపించవచ్చా? మన ధర్మం ఈ విషయంలో ఏమంటుంది? పైకి ఇది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. అయితే దీని వేళ్ళు సంకల్పం వరకూ, సంతానం మధ్య న్యాయం వరకూ, చివరికి పిల్లల మనసులో తల్లిదండ్రుల ప్రేమకు ఉన్న అర్థం వరకూ పాకి ఉన్నాయి.

ఒక తండ్రి ప్రశ్న

ఒక జుమా రోజు నమాజు ముగిశాక ఒక సోదరుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. చిన్న వ్యాపారం చేసుకునే మనిషి. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పదో తరగతి, చిన్నవాడు ఎనిమిది. సంవత్సరం మొదట్లోనే ఆయన ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారట. పెద్దవాడు 600కు 550 దాటితే ఫోను, చిన్నవాడు 80 శాతం దాటితే గేర్ల సైకిల్. పెద్దవాడికి 560 పైచిలుకు వచ్చాయి. ఫోను వచ్చింది. చిన్నవాడికి 52 శాతం వచ్చింది. అంతకు ముందు ఏడాది అతనికి వచ్చింది 38.

"సైకిల్ లేదన్నాను మౌలానా సాబ్. మాట అంటే మాటే కదా! వాడు గొడవ చేయలేదు. ఒక్కటే అడిగాడు. 'అబ్బా, నేను కూడా రోజూ ఫజర్‌కు లేచి చదివాను కదా?' అన్నాడు. ఆ రోజు నుంచి పుస్తకం ముట్టుకోవడం లేదు. నేను తప్పు చేశానా?"

మేము ఆయనకు వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే ఆ పిల్లవాడి ప్రశ్న మాకూ సూటిగా తగిలింది. అది ఎలా తగిలిందో ముందుకు వెళ్ళాక చెబుతాము.

బహుమానం అధర్మం కాదు

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. పని చేసినవారికి ప్రతిఫలం ప్రకటించడం మన ధర్మంలో నిషిద్ధం కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ సూరాలో రాజుగారి పానపాత్ర పోయినప్పుడు, దాన్ని తెచ్చి ఇచ్చినవారికి ఒక ఒంటె మోసేంత ధాన్యం ఇస్తామని ప్రకటించిన వృత్తాంతం ఉంది. పని పూర్తి చేసినవారికి ముందే ప్రకటించిన ప్రతిఫలం ఇచ్చే పద్ధతికి ధర్మశాస్త్ర పండితులు "జుఆలా" అని పేరు పెట్టారు. దానికి ఈ ఆయత్‌ను ఆధారంగా చూపుతారు.

చదువు విషయంలోనూ మన పెద్దలు ఈ పద్ధతిని వాడారు. బల్ఖ్ ప్రాంతానికి చెందిన హజ్రత్ ఇబ్రాహీమ్ బిన్ అద్‌హమ్ (రహ్మ) గొప్ప దైవభక్తులుగా, ప్రపంచ వ్యామోహాన్ని త్యజించినవారుగా మనకు తెలుసు. తాను హదీసు విద్య వైపు ఎలా వచ్చారో ఆయనే చెప్పినట్లు ఖతీబ్ బగ్దాదీ (రహ్మ) నమోదు చేశారు. హదీసు విని కంఠస్థం చేసిన ప్రతిసారీ ఒక దిర్హమ్ ఇస్తానని ఆయన తండ్రి చెప్పారట. ఆ ఆశతోనే ఆయన హదీసు నేర్చుకోవడం ప్రారంభించారట. డబ్బు ఆశతో మొదలుపెట్టిన ఆ పిల్లవాడు పెద్దయ్యాక డబ్బునే వదిలేసిన మనిషి అయ్యాడు!

ఇమామ్ గజాలీ (రహ్మ) జీవితంలోనూ ఇటువంటిదే ఉంది. ఆయన తండ్రి ఉన్ని వడికి పొట్టపోసుకునే పేదవాడు. ఇద్దరు కొడుకులనూ ఒక భక్తుడైన స్నేహితుడికి అప్పగించి కన్నుమూశారు. ఉన్న కాస్త డబ్బు అయిపోయాక ఆ స్నేహితుడు పిల్లలను మదరసాలో చేరమన్నాడు. అక్కడైతే అన్నం దొరుకుతుంది. అంటే వారు మదరసా మెట్లెక్కింది భోజనం కోసం. తరువాతి కాలంలో ఇమామ్ గారు ఆ రోజులను తలచుకుని, తాము జ్ఞానాన్ని దైవం కోసం కాకుండా వేరే దాని కోసం కోరుకున్నామనీ, కానీ ఆ జ్ఞానమే దైవం కోసం తప్ప మరి దేనికోసమూ ఉండనని మొండికేసిందనీ చెప్పేవారు.

అదే ఇమామ్ గారు తమ ఇహ్యా ఉలూమిద్దీన్ గ్రంథంలో పిల్లల పెంపకం గురించి రాస్తూ, పిల్లవాడిలో మంచి నడత కనిపించినప్పుడు అతన్ని గౌరవించాలనీ, అతనికి సంతోషం కలిగించేది ఏదైనా ఇవ్వాలనీ, నలుగురి ముందు మెచ్చుకోవాలనీ సలహా ఇచ్చారు. చదువు తరువాత పిల్లలను ఆడుకోనివ్వాలని కూడా చెప్పారు.

కాబట్టి పిల్లలకు బహుమానం ఇచ్చే తల్లిదండ్రులను తప్పు పట్టవలసిన పని లేదు. పసివారు పసివారే. వారికి పరలోకపు లెక్క అర్థం కావడానికి ముందు మిఠాయి లెక్క అర్థమవుతుంది.

మరి చిక్కు ఎక్కడుంది?

చిక్కంతా బహుమానం దేనికి ఇస్తున్నాము అన్న దగ్గర ఉంది. ఇబ్రాహీమ్ బిన్ అద్‌హమ్ (రహ్మ) తండ్రి దిర్హమ్ ఇస్తానన్నది హదీసు విని కంఠస్థం చేసినందుకు. అది ఆ పిల్లవాడి చేతిలో ఉన్న పని. పక్కింటి పిల్లవాడికంటే ఎక్కువ నేర్చుకుంటేనే ఇస్తానని ఆయన అనలేదు. ఇమామ్ గజాలీ (రహ్మ) మెచ్చుకోమన్నది మంచి నడతను. అదీ పిల్లవాడి చేతిలో ఉన్నదే.

మార్కు అలాంటిది కాదు. అందులో శ్రమ ఉంది, నిజమే. కానీ దానితోపాటు పుట్టుకతో వచ్చిన జ్ఞాపకశక్తి ఉంది, ఉపాధ్యాయుడి నేర్పు ఉంది, ప్రశ్నపత్రం ఎలా వచ్చిందన్నది ఉంది, పరీక్ష నాటి ఆరోగ్యం ఉంది. ఇంట్లో ఒక పూట కరెంటు పోయినా, తల్లికి జబ్బు చేసినా మార్కు మారుతుంది. ఒక పిల్లవాడు రెండు గంటల్లో నేర్చుకునే పాఠానికి అతని తమ్ముడికి ఆరు గంటలు పట్టవచ్చు. రెండు గంటలు కూర్చున్నవాడికి ఫోను, ఆరు గంటలు కూర్చున్నవాడికి చీవాట్లు! ఇది ఏ తూకం?

మన ధర్మం తూచే విధానం చూడండి. మనిషికి తాను పాటుపడినదే దక్కుతుందని నజ్మ్ సూరా చెబుతోంది. ఏ ప్రాణి మీదా దాని శక్తికి మించిన భారం అల్లాహ్ మోపడని బఖరా సూరా చివరి ఆయత్ చెబుతోంది. తీర్పు చెప్పే న్యాయాధికారి శక్తి మేరకు ఆలోచించి సరైన నిర్ణయానికి వస్తే రెండు పుణ్యాలు, పొరపాటు పడినా ఒక పుణ్యం లభిస్తుందని దైవప్రవక్త (స) తెలిపారు. పొరపాటు పడినవాడికి కూడా పుణ్యం! ఎందుకు? అతను నిజాయితీగా శ్రమించాడు కాబట్టి.

ఇంకా మనసుకు హత్తుకునే విషయం హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. ఇది బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉంది. ఖుర్‌ఆన్ పారాయణంలో ప్రావీణ్యం సంపాదించినవారు గౌరవనీయులైన దైవదూతల సరసన ఉంటారు. మరి తడబడుతూ, కష్టపడుతూ చదివేవారి సంగతి? వారికి రెండింతల పుణ్యం ఉందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ప్రావీణ్యానికి గౌరవం తగ్గించలేదు. కానీ తడబడే నాలుకను చిన్నబుచ్చలేదు. చదివినందుకు ఒకటి, పడిన కష్టానికి మరొకటి ఇచ్చి దాని శ్రమను లెక్కలోకి తీసుకున్నారు.

మేము చేసిన పొరపాటు

ఇప్పుడు మా విషయం చెప్పాలి. మదరసా చదువు ముగించి వచ్చిన కొత్తలో ఒక మస్జిద్‌లో సాయంత్రపు మక్తబ్ నడిపే బాధ్యత మాకు అప్పగించారు. ముప్ఫై మంది దాకా పిల్లలు. వారిలో ఉత్సాహం నింపాలని మేము ఒక ప్రకటన చేశాము. అమ్మ పారాను ముందుగా కంఠస్థం చేసి అప్పజెప్పిన ముగ్గురికి చేతి గడియారాలు ఇస్తామని. మస్జిద్ కమిటీవారు కూడా ఎంతో మెచ్చుకున్నారు.

మొదటి వారమే మక్తబ్ హోరెత్తిపోయింది. మేము మురిసిపోయాము. రెండో నెలకు గాని అసలు సంగతి అర్థం కాలేదు. పిల్లలు పరుగెత్తుతున్నారు. గున్నా లేదు, మద్ లేదు, ఆగవలసిన చోట ఆగడం లేదు. అర్థం అడిగే పిల్లలు అడగడం మానేశారు. అంతకు ముందు ఒకరికొకరు పాఠం వినిపించుకునేవారు, ఇప్పుడు పక్కవాడికి తప్పు దిద్దడానికి కూడా ఎవరూ సిద్ధంగా లేరు. ముగ్గురు గెలుస్తారని తేలిపోయాక మిగతావారు చల్లబడిపోయారు.

వారిలో ఒక అబ్బాయి ఉండేవాడు. కొంచెం నత్తి. ఒక్కొక్క ఆయత్‌కు ఎంత పట్టుదలగా కూర్చునేవాడో! బహుమతులు ఇచ్చిన రోజు అతను వెనుక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. మరుసటి వారం నుంచి రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగితే, "నాకు రాదులే హజరత్" అన్నాడు. దైవప్రవక్త (స) ఎవరికి రెండింతల పుణ్యమని చెప్పారో, సరిగ్గా అటువంటి పిల్లవాడికి మేము ఏమీ లేదని చెప్పి పంపాము. ఆ హదీసు మాకు కంఠస్థం. అయినా మా గడియారాలు దానికి విరుద్ధంగా మాట్లాడాయి.

అందుకే ఆ తండ్రి చెప్పిన మాట వినగానే మాకు ఆ అబ్బాయి గుర్తుకు వచ్చాడు.

పరిశోధకులు గమనించినది

ఇటువంటి విషయాలను లోకంలో పరిశీలించి చూసినవారు కూడా ఉన్నారు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శిశు పాఠశాలలో జరిగిన ఒక అధ్యయనం 1973లో ప్రచురితమైంది. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలను తీసుకున్నారు. కొందరికి బొమ్మ గీస్తే మెరుపు రిబ్బను అంటించిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా, గీసిన తరువాత ఇచ్చారు. మరికొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తరువాత పిల్లలను స్వేచ్ఛగా వదిలి చూశారు. ముందే ఆశ చూపించిన పిల్లలు మిగతావారితో పోలిస్తే దాదాపు సగం సమయమే బొమ్మల మీద గడిపారు. చెప్పకుండా బహుమానం పొందినవారి ఇష్టం మాత్రం తగ్గలేదు. ఇష్టంగా చేసే పనికి ధర కట్టగానే ఆ పని కూలిగా మారిపోయిందన్నమాట.

మరొకటి, అమెరికాలోనే ఆర్థికశాస్త్రవేత్త రోలాండ్ ఫ్రయర్ వివిధ నగరాల పాఠశాలల్లో నిర్వహించి 2011లో వివరంగా ప్రచురించిన ప్రయోగాలు. న్యూయార్క్‌లో పరీక్షల్లో మార్కులకు డబ్బు ఇచ్చారు. అక్కడ ప్రతిభలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. డాలస్‌లో చిన్నపిల్లలకు ఒక పుస్తకం చదివితే 2 డాలర్లు ఇచ్చారు. ఫలితం అందరిలో ఒకేలా లేకపోయినా, ఇంగ్లీషులో చదివే పిల్లల్లో చదివి అర్థం చేసుకునే శక్తి మెరుగుపడింది. మార్కు ఎలా పెంచుకోవాలో పిల్లవాడికి తెలియదు, పుస్తకం ఎలా చదవాలో తెలుసు. న్యూయార్క్ పిల్లలను ఇంకా ఎక్కువ డబ్బు రావాలంటే ఏం చేస్తారని అడిగితే, ప్రశ్నపత్రాన్ని జాగ్రత్తగా చదువుతాము, జవాబులు సరిచూసుకుంటాము అన్నారే గాని, పాఠం ఇంకా చదువుతాము, టీచరును అడుగుతాము అనలేదట.

ఈ అధ్యయనాలు మన ధర్మానికి ప్రమాణాలు కావు. కానీ చేతిలో ఉన్న పనికి ఆదరణ, చేతిలో లేని ఫలితానికి ఓర్పు అన్న సూత్రాన్ని అవి కూడా తమ భాషలో చెబుతున్నట్లే ఉంది.

స్వర్గం కూడా బహుమానమే కదా!

ఇక్కడ ఆలోచనాపరులైన పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చు. "అల్లాహ్ స్వయంగా మనకు స్వర్గం ఆశ చూపిస్తున్నాడు కదా! మరి తల్లిదండ్రులు ఆశ చూపితే తప్పేమిటి?" ఇది న్యాయమైన ప్రశ్న. స్వర్గాన్ని ఆశించడం తక్కువ స్థాయి భక్తి అని మేము అనము. భయంతోనూ, ఆశతోనూ తమ ప్రభువును వేడుకునేవారిని సజ్దా సూరా ప్రశంసించింది.

అయితే ఆ బహుమానం ఎలా ఇవ్వబడుతుందో చూడాలి. మొదటిది, అది సంకల్పాన్ని బట్టి ఇవ్వబడుతుంది. కర్మలు సంకల్పాల మీద ఆధారపడి ఉన్నాయన్న హదీసుతోనే ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ గ్రంథాన్ని ప్రారంభించారు. రెండోది, మంచి చేయాలని సంకల్పించి చేయలేకపోయినవారికీ ఒక పుణ్యం వ్రాయబడుతుంది. మూడోది, అక్కడ ఒకరు గెలవాలంటే మరొకరు ఓడిపోవలసిన అవసరం లేదు. స్వర్గంలో మొదటి మూడు స్థానాలకే చోటు అన్న నియమం లేదు. నాలుగోది, తౌబా సూరాలో స్వర్గవనాలనూ, అందులోని నివాసాలనూ వర్ణించిన తరువాత, వీటన్నిటికంటే అల్లాహ్ ప్రసన్నత గొప్పదని చెప్పబడింది. అంటే బహుమానం చివరికి దాసుణ్ణి వస్తువు దగ్గర ఆపదు, ఇచ్చేవాడి ప్రసన్నత దగ్గరకు చేరుస్తుంది.

మన ఫోన్లు, సైకిళ్ళు మన పిల్లలను ఎక్కడికి చేరుస్తున్నాయి? మనకు దగ్గరగానా, దుకాణానికి దగ్గరగానా?

సంతానం మధ్య న్యాయం

ఇప్పుడు అందరికంటే ముఖ్యమైన విషయానికి వద్దాం. హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి) చిన్నతనంలో ఆయన తండ్రి ఆయనకు ఒక కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని దైవప్రవక్త (స)ను కోరారు. మీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చారా అని ప్రవక్త (స) అడిగారు. లేదన్నారు. అయితే అల్లాహ్‌కు భయపడండి, సంతానం మధ్య న్యాయం పాటించండి అని బోధించి, సాక్ష్యానికి నిరాకరించారు. ఆ తండ్రి తన కానుకను వెనక్కు తీసుకున్నారు.

ఈ హదీసు ఆధారంగా సంతానానికి ఇచ్చే కానుకల్లో సమానత్వం తప్పనిసరి అని హంబలీ పండితులు అన్నారు. మిగతా ఇమాములలో అధికులు అది ఎంతో అభిలషణీయం అన్నారు. తగిన కారణం ఉంటే, అంటే ఒకరు అంగవైకల్యంతో ఉంటే, పెద్ద కుటుంబ భారం ఉంటే, విద్యార్జనలో నిమగ్నమై ఉంటే వారికి కొంత ఎక్కువ ఇవ్వవచ్చని హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా (రహ్మ) వంటివారు రాశారు. హాని తలపెట్టకుండా, సద్గుణం కారణంగా ఒకరికి ఎక్కువ ఇవ్వడానికి హనఫీ పండితులు కూడా అవకాశం చూపారు.

ఇక్కడ ఒక్క మాట గమనించండి. పండితులు "విద్యలో నిమగ్నమైనవాడు" అన్నారు. ఎక్కువ మార్కులు తెచ్చినవాడు అనలేదు. ఆ సోదరుడి ఇంట్లో ఇద్దరు పిల్లలూ నిమగ్నమయ్యారు. ఇద్దరూ ఫజర్‌కు లేచారు. నిమగ్నతను కారణంగా తీసుకుంటే ఇద్దరికీ హక్కు ఉంది. 38 నుంచి 52కు ఎదిగినవాడు తక్కువ దూరం నడవలేదు.

ముస్నద్ అహ్మద్‌లో ఒక ఉల్లేఖనం ఉంది. దాని పరంపర బలం గురించి పండితుల మధ్య చర్చ ఉన్నా, భావం ఎంతో అందమైనది. దైవప్రవక్త (స) తమ పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) పిల్లలను వరుసగా నిలబెట్టి, ముందుగా తన దగ్గరకు చేరినవారికి ఫలానాది ఇస్తానని అనేవారట. పిల్లలు పోటీపడి పరుగెత్తుకొచ్చి ఆయన వీపు మీదా, ఛాతీ మీదా పడేవారట. ఆయన వారిని ముద్దాడి, హత్తుకునేవారట. పోటీ ఉంది, బహుమానం మాట ఉంది. కానీ ముద్దూ, కౌగిలీ ముందు వచ్చినవాడికీ ఉన్నాయి, వెనుక వచ్చినవాడికీ ఉన్నాయి. బహుమానానికి వరుస ఉండవచ్చు, ప్రేమకు వరుస ఉండకూడదు.

బహుమానం ఎవరి కోసం?

మనల్ని మనం మరొక ప్రశ్న కూడా వేసుకోవాలి. పిల్లవాడి మార్కులకు మనం పొంగిపోయేది అతని మేలు చూసా, బంధువుల ముందు మన తల ఎత్తుకోవడానికా? ఫలితాలు వచ్చిన రోజు టీవీల్లో ర్యాంకుల కేకలు, కూడళ్ళలో పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీలు, వాట్సాప్‌లో మార్కుల మెమోలు. ఇవన్నీ చూసి మనలోనూ ప్రదర్శనాబుద్ధి నిద్రలేస్తుంది. పేరు కోసం జ్ఞానం నేర్చి, నేర్పినవాడు ప్రళయదినాన మొదటగా విచారించబడే ముగ్గురిలో ఒకడని ముస్లిం గ్రంథంలోని హదీసు హెచ్చరిస్తోంది. పేరు కోసం చదవడాన్ని మన పిల్లలకు మనమే నేర్పడం ఎంత ప్రమాదం!

ఈ ప్రమాదం పరలోకానికే పరిమితం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల ప్రక్రియలో పొరపాట్లు జరిగాయని తరువాత విచారణలో తేలింది. అంటే మార్కు అనేది మనుషుల చేతిలో తప్పిపోగల అంకె. ఒక అంకె కోసం ప్రాణమే పోయేంతగా పిల్లల మనసు తయారవుతున్నదంటే, ఆ అంకెకు అంత విలువ ఎవరు కట్టారు? ఇందులో మన ఇళ్ళ వాటా ఎంత?

ధర పెరిగేకొద్దీ దొంగదారి కూడా తెరుచుకుంటుంది. మోసం చేసినవాడు మనవాడు కాదన్న ప్రవక్త (స) వచనం మన పిల్లలకు నేర్పుతాము. అదే నోటితో "ఎలాగైనా సరే 80 శాతం తేవాలి" అంటే, ఆ "ఎలాగైనా"లో చీటీలు, కాపీలు అన్నీ ఇమిడిపోతాయి. కఠినంగా అణచివేయబడిన విద్యార్థికి అబద్ధం, కపటం అలవాటవుతాయని ఇబ్నె ఖల్దూన్ (రహ్మ) తమ ముఖద్దిమాలో ఏనాడో రాశారు.

ఏం చేద్దాం?

మొదటిది, పిల్లవాడి చేతిలో ఉన్నదాన్ని మెచ్చుకుందాం. రోజూ కూర్చోవడం, తెలియనిది అడగడం, తప్పు దిద్దుకోవడం, తమ్ముడికి నేర్పడం, కాపీ కొట్టకుండా నిజాయితీగా రాయడం. నిజాయితీతో వచ్చిన 52ను చీటీలతో వచ్చిన 90 కంటే మిన్నగా చూసే ఇల్లే ముస్లిం ఇల్లు.

రెండోది, పిల్లవాణ్ణి నిన్నటి అతనితో పోల్చుదాం. అన్నతో, పక్కింటివారితో వద్దు.

మూడోది, ధర ముందుగా చెప్పడం తగ్గిద్దాం. శ్రమ చూసి, చెప్పకుండా ఒకరోజు సంతోషపెడదాం. చిన్నపిల్లల విషయంలో ఊతంగా ఏదైనా ఇవ్వవలసి వస్తే ఇవ్వవచ్చు. ఆషూరా ఉపవాసం పాటించే పిల్లలు ఆకలికి ఏడిస్తే, సహాబీ స్త్రీలు ఉన్నితో చేసిన బొమ్మలు ఇచ్చి ఇఫ్తార్ వరకూ మరపించేవారని హజ్రత్ రుబయ్యి (రజి) తెలిపారు. ఆ బొమ్మ ఉపవాసానికి కూలి కాదు, దారి దాటించే చేయూత.

నాలుగోది, మాట ఇస్తే తప్పక నిలబెట్టుకుందాం. ఒక తల్లి తన పిల్లవాణ్ణి "రా, ఇస్తాను" అని పిలిస్తే, ఏమి ఇవ్వదలిచావని దైవప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అన్నది ఆమె. ఏమీ ఇవ్వకపోతే ఒక అబద్ధం నీ ఖాతాలో వ్రాయబడేదని చెప్పారు. ఈ సంఘటన అబూ దావూద్‌లో ఉంది.

అయిదోది, డబ్బు ఖర్చు లేని గొప్ప బహుమానం ఒకటుంది. అది దుఆ. చిన్నవారైన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) అడగకుండానే వుజూ నీళ్ళు సిద్ధం చేసి పెడితే, దైవప్రవక్త (స) ఆయనకు ధర్మావగాహన ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ దుఆ ఆయన్ను ఎంతటివారిని చేసిందో మనకు తెలుసు. పిల్లవాడి తల మీద చేయి వేసి, అతను వినేలా పేరు పెట్టి దుఆ చేసి చూడండి.

ఆరోది, ప్రాపంచిక విద్య కూడా సత్సంకల్పంతో పుణ్యకార్యమవుతుందని వారికి చెబుదాం. హలాల్ సంపాదన కోసం, తల్లిదండ్రుల సేవ కోసం, దైవదాసులకు మేలు చేయడం కోసం చదివే చదువు వ్యర్థం కాదు, మార్కులు ఎన్ని వచ్చినా.

ఆ తండ్రికి చెప్పిన మాట

ఆ రోజు ఆ సోదరుడికి మేము చివరికి ఇలా చెప్పాము. "మీరు మాట తప్పలేదు, అది మంచిదే. కానీ మీ చిన్నవాడు అడిగింది సైకిల్ కాదు. తాను లేచిన ఫజర్లు మీరు చూశారా లేదా అని అడిగాడు. ముందు దానికి జవాబు చెప్పండి. ఓదార్పుగా సైకిల్ కొనిస్తే, ఓడినవాడి మీద జాలి అనుకుంటాడు. 'నీ శ్రమ నేను చూశాను, లెక్క తప్పు పెట్టుకున్నది నేను' అని చెప్పండి. తరువాత ఏమి ఇచ్చినా అది బహుమానమవుతుంది."

ఆయన చాలాసేపు తల వంచుకుని కూర్చున్నారు. "కొడుకు ముందు తప్పు ఒప్పుకోవాలంటారా?" అన్నారు. అవునన్నాము. మేము ఆ పని చేయడంలో ఆలస్యం చేశామనీ, ఆ నత్తి అబ్బాయి మక్తబ్‌కు తిరిగి రాలేదనీ కూడా చెప్పాము.

రెండు జుమాల తరువాత ఆయన తన చిన్నవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. సైకిల్ గురించి మేము అడగలేదు, ఆయనా చెప్పలేదు. పిల్లవాడు సలాం చేసి, ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం మళ్ళీ మొదటినుంచి చేస్తున్నానని, రాత్రిళ్ళు అబ్బా పక్కన కూర్చుంటున్నారని చెప్పాడు.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, నిష్కల్మషమైన సంకల్పాన్ని ప్రసాదించుగాక! వారి శ్రమను చూడగలిగే కళ్ళను, వారి మధ్య న్యాయం చేయగలిగే మనసును మనకు అనుగ్రహించుగాక! తడబడే నాలుకలను మనం చిన్నబుచ్చకుండా కాపాడుగాక! ఆమీన్.